తొట్టి కబుర్లు: వేట చేపకు వేసే చేపలు కొనాలా, పెంచుకోవాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. అరోవానా, ఆస్కార్, కొర్రమీను లాంటి వేట చేపలకు బతికున్న చిన్న చేపలు వేయడం గురించి. షాపుల్లో వాటిని ఫీడర్లు అంటారు. నేను మేత చేపలు అంటాను. ఫిల్టర్ల గురించి, మొక్కల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వాళ్లకు వచ్చే నెల జవాబిస్తాను. ఈసారి పేజీ మొత్తం మేత చేపలకే.

*

అక్కా, నమస్తే. మా ఇంట్లో సిల్వర్ అరోవానా ఉంది. మూడు అంగుళాలప్పుడు తెచ్చాను, ఏడాదిన్నరలో 14 అంగుళాలైంది. నాలుగడుగుల ట్యాంకు. రోజూ 10, 12 గప్పీలు వేస్తాను. ఒక్కోటి మూడు రూపాయలు, నెలకు వెయ్యి దాకా అవుతోంది. పోయిన నెల గప్పీలు దొరక్క చిన్న గోల్డ్‌ఫిష్ 50 తెచ్చి వేశాను. పది రోజులకు అరోవానా రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయి. ఇంట్లో అందరూ తిడుతున్నారు. గప్పీలు నువ్వే పెంచుకో అని ఒక ఫ్రెండ్ అంటాడు. అంత ఓపిక నీకెక్కడిది, కొనుక్కో అని ఇంకొకడు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

తమ్ముడూ, మిగతా మాటలు తర్వాత, ముందు ఆ చుక్కల పని చూడు. అది ఇక్. షాపువాళ్లు వైట్ స్పాట్ అంటారు. హీటర్ పెట్టి నీళ్లను రోజుకు ఒక డిగ్రీ చొప్పున 30 డిగ్రీలకు తీసుకురా. లీటరుకు రెండు గ్రాముల లెక్కన కల్లుప్పు కరిగించి, ఒకేసారి కాకుండా రెండు రోజుల్లో మూడు విడతలుగా పొయ్యి. గాలి పంపు పెంచు, వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. చుక్కలు రాలిపోయాక కూడా ఇంకో పది రోజులు అలాగే ఉంచు. చుక్క రాలిందంటే పురుగు చచ్చిందని కాదు. అది ట్యాంకు అడుగుకు దిగి, వందల పిల్లలుగా విడిపోయి, మళ్లీ చేపను వెతుక్కుంటూ పైకొస్తుంది. ఉప్పు, వేడి పనిచేసేది అలా ఈదుకుంటూ వచ్చే పిల్లల మీదే. మధ్యలో మానేస్తే మొదటికొస్తుంది.

ఇక నీ ప్రశ్న. కొన్న చేపను కొన్న రోజే వేట చేప నోటికి అందించకూడదు. ఏ షాపులో కొన్నా సరే, ఎంత తెలిసిన షాపయినా సరే. ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. నేను, మా ఆయన రాజమండ్రిలో 18 ఏళ్లు అక్వేరియం షాపు నడిపాం. ఫీడర్లు ఎలా వస్తాయో నా చేతులకు తెలుసు. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రి బస్సులో థర్మోకోల్ పెట్టెలు వచ్చేవి. మంచి రకం గప్పీలయితే కవరుకు పాతిక, ముప్పై ఉండేవి. ఫీడర్లు ఒక్క కవర్లో 500. రంగు తేలనివి, నడుం వంకరపోయినవి, ఎదగనివి ఏరి పక్కన పెడితే అవే ఫీడర్లు. కవర్లో నీళ్లు పాడవకుండా ఉండాలని బయల్దేరే ముందే మేత ఆపేస్తారు. షాపుకొచ్చాక కూడా వాటికి మేత వేసేవాళ్లు తక్కువ. రెండు మూడు రూపాయల చేప, ఎల్లుండికి అమ్ముడైపోతుంది కదా అనుకుంటారు. అలా నాలుగైదు రోజులు పస్తుండి, ఒకదాని ఒళ్లు ఒకటి రాసుకుంటూ, అమ్మోనియా నీళ్లలో తిరిగిన చేప నీ ఇంటికొస్తుంది. దాని పొట్టలో ఏమీ ఉండదు. నీ అరోవానాకు దక్కేది ముల్లు, పొలుసు, దాంతోపాటు వచ్చిన రోగం. వైట్ స్పాట్ రావడం ఒక రకంగా నయం, కంటికి కనిపించింది కాబట్టి మందు చేస్తున్నావు. గప్పీల పేగుల్లో ఎర్రటి సన్న పురుగులు వస్తాయి, కామల్లానస్ అంటారు. అవి నీ చేప పేగుల్లో చేరితే నెలల తరబడి తెలియనే తెలియదు.

గోల్డ్‌ఫిష్ సంగతి వేరుగా చెప్పాలి. ఇది చెప్పాలంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

2012లో మా కౌంటరు వెనక ఆరడుగుల ట్యాంకులో ఒక సిల్వర్ అరోవానా ఉండేది. అమ్మకానికి కాదు, మాదే. పొద్దున షట్టరు ఎత్తగానే నా చెయ్యి ఎటు పోతే అటు తిరిగేది. అమ్ముడుపోని చిన్న గోల్డ్‌ఫిష్‌లు షాపులో ఎప్పుడూ ఉంటాయి కదా, రోజూ అవే వేసేవాళ్లం. ఎనిమిది నెలలు అంతే. ఒకరోజు మధ్యాహ్నం చూస్తున్నాను. గోల్డ్‌ఫిష్ దాని ముందు నుంచే పోతోంది. అరోవానా నోరు తెరిచి దూకింది. రెండు వేళ్ల వెడల్పు పక్కకు పోయింది, నోట్లో నీళ్లే పడ్డాయి. మళ్లీ తిరిగి దూకింది, మళ్లీ అంతే, అదే రెండు వేళ్లు. కళ్లకేమైనా అయిందేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి ఒక పక్కకు ఒరిగి ఈదడం, మూలకు వెళ్లి ఒళ్లంతా జలదరించినట్టు వణకడం మొదలైంది. చేపల జబ్బులు తెలిసిన ఒక పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాం. ఆయన నీళ్లు కూడా పరీక్షించలేదు. "ఏం పెడుతున్నావమ్మా?" అని అడిగారు. చెప్పాను. "ఇంకా?" అన్నారు. ఇంకేమీ లేదు. నాలుగో రోజు పోయింది.

గోల్డ్‌ఫిష్‌లోనూ దాని బంధువైన కామన్ కార్ప్‌లోనూ థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. తిన్న జీవి ఒంట్లో బి1 విటమిన్‌ను అది విరగ్గొట్టేస్తుంది. బి1 లేకపోతే నరాలు దెబ్బతింటాయి. ఇది కొత్త సంగతి కాదు. 1930లలో అమెరికాలోని మిన్నెసోటాలో నక్కల ఫారాల్లో పచ్చి కార్ప్ చేపలు తిన్న నక్కలకు కాళ్లు పడిపోయాయి. మొదట కనిపించిన ఫారం యజమాని పేరు మీద దాన్ని చాస్టెక్ పక్షవాతం అన్నారు. చేపను ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది, ఫ్రీజర్‌లో పెడితే పోదు. ఒకసారి 50 తిన్నందుకు నీ అరోవానాకు భయం లేదు. అలవాటు చేస్తేనే ముప్పు. గప్పీ, మోలీ, ప్లాటీల్లో ఈ బెడద ఉండదు. అందుకే మేత చేప అంటే నేను పిల్లలు పెట్టే ఈ జాతులనే చెబుతాను.

ఇప్పుడు లెక్క వేద్దాం. రోజుకు 12 అంటే నెలకు 360 గప్పీలు. అన్ని నువ్వు పెంచలేవు, పెంచాల్సిన అవసరమూ లేదు. 14 అంగుళాల అరోవానాకు రోజూ కడుపు నిండా చేపలు అక్కర్లేదు. అమెజాన్‌లో అది నీటి పైన తిరిగే పురుగులు, మిడతలు, పైకొచ్చిన చిన్న చేపలు కలిపి తినే జీవి. కొమ్మ మీది పురుగు కోసం నీళ్లలోంచి ఎగిరి దూకుతుంది. (మూత మీద బరువు పెట్టావా లేదా? ఇవాళే పెట్టు.) వారంలో మూడు రోజులు పెల్లెట్లు (షాపులో అమ్మే ఎండు మేత గుళికలు), ఒలిచిన రొయ్య ముక్కలు, రెండు రోజులు గప్పీలు, మిగతా రెండు రోజులు ఏమీ వద్దు. గప్పీల రోజున 15 చొప్పున వేసినా నెలకు 120, 130 చాలు.

అది పెంచగలిగిన లెక్కే. ఆరోగ్యంగా ఉన్న ఆడ గప్పీ దాదాపు నెలకోసారి పిల్లలు పెడుతుంది. వయసును బట్టి 20 నుంచి 50 దాకా. నేను పాతికే లెక్కేస్తాను. అందులో పది తల్లులు మింగేవి, చచ్చేవి పోగా 15 మిగులుతాయి. పది ఆడవి ఉంటే 150. కానీ అన్నీ ఒకేసారి ఈనవు, ఒకటి రెండు చచ్చిపోతాయి కూడా, కాబట్టి 15 ఆడవి, ఐదు మగవి పెట్టుకో. చాలామంది ఇక్కడ ఒక విషయం మర్చిపోతారు. పుట్టిన పిల్ల నోటికి పెట్టే సైజుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే ఈ నెల పిల్లలు, పోయిన నెల పిల్లలు పక్కపక్కన పెరుగుతూ ఉండాలి. వేయడానికి సిద్ధమైనవి ఇంకో చోట. తల్లుల తొట్టితో కలిపి నాలుగు తొట్లు కావాలి. మొదలుపెట్టిన రోజు నుంచి మూడో నెల దాకా ఒక్క గప్పీ కూడా తీయకూడదు. ఓపిక కావాల్సింది అక్కడే. ఆ మూడు నెలలు ఆగినవాళ్లు తర్వాత మానేయడం నేను చూడలేదు.

తొట్లకు డబ్బు పోయనక్కర్లేదు. బావికి వేసే సిమెంటు వర తెలుసు కదా, మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉండేది. దానికి అడుగు పోయించుకుంటే పది అంగుళాల లోతుకు 160 లీటర్ల పైనే నీళ్లు పడతాయి. మా పెరట్లో ఆరు ఉన్నాయి. కొత్త సిమెంటులో సున్నం దిగుతుంది, చేపలను వెంటనే వేస్తే చచ్చిపోతాయి. నీళ్లు నింపి, అరటి బోదె ముక్కలు కోసి వేసి, వారం ఉంచి పారబొయ్యి. ఇలా మూడుసార్లు. తర్వాత ఎండ తగిలే చోట పెడితే నీళ్లు లేత ఆకుపచ్చకు తిరుగుతాయి. ఆ పచ్చనీళ్లను పారబోయకు. పిల్లలకు మొదటి వారం తిండి అందులోనే దొరుకుతుంది. మున్సిపల్ నీళ్లయితే ఒకరోజు నిలవ ఉంచి పొయ్యి, లేకపోతే క్లోరిన్ పోవడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) వెయ్యి.

తల్లుల తొట్టిలో గుర్రపుడెక్క నాలుగు మొక్కలు వెయ్యి. చెరువులో అదెంత పీడో నాకు తెలుసు, కానీ తొట్టిలో దాని వేళ్లకు సాటి లేదు. తల్లి పొట్ట కింద నల్ల మచ్చ పెద్దదై, గుండ్రటి పొట్ట డబ్బాలా పలకలు తేలిందంటే రేపో ఎల్లుండో. తెల్లారేసరికి వెళ్లి కూర్చో, కనిపిస్తుంది. పిల్ల ముడుచుకుని మెంతి గింజంత ఉండి జారుతుంది. ఒక్క క్షణం కిందికి మునుగుతుంది. విప్పుకుంటుంది, కళ్లు రెండు నల్ల చుక్కల్లా కనిపిస్తాయి, తోక ఒక్కసారి ఆడించి వేళ్లలోకి దూరిపోతుంది. తల్లి వెనక్కి తిరిగేలోపు ఇదంతా అయిపోవాలి. వేళ్లు లేని తొట్టిలో సగం పిల్లలు తల్లి పొట్టలోకే పోతాయి. వారానికోసారి వలతో పిల్లలను తీసి పక్క తొట్టిలో వేసుకో.

మేత విషయంలో పిసినారితనం వద్దు. పిల్లలకు ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన, గుడ్డలో కట్టి నీళ్లలో పిండినది, మెంతి గింజంత ముద్దకు మించకుండా. ఎక్కువైతే నీళ్లు కుళ్లిపోతాయి. పది రోజుల తర్వాత మెత్తగా దంచిన పెల్లెట్ పొడి. పెద్దవాటికి పెల్లెట్, స్పిరులినా అనే నాచు పొడి, దొరికితే దోమ లార్వా. అరోవానాకు వేసే ముందు రోజు మాత్రం కడుపు నిండా పెట్టు. గప్పీ పొట్టలో ఉన్నదే అరోవానా తింటుంది. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఇదే తమ్ముడూ: మేత చేపను పెంపుడు చేపలాగే చూడాలి.

తొట్ల మీద దోమతెర కట్టు. లకుముకి పిట్ట ఒకసారి చూసిందంటే రోజూ వస్తుంది. తూనీగ వచ్చి నీళ్లలో గుడ్లు పెడితే దాని లార్వా అడుగున బురదలో దాక్కుని పిల్లలను ఒక్కోటీ పట్టి తింటుంది. ఒక ఏడు నాకు 200 పిల్లలు ఉండాల్సిన తొట్టిలో 30 కనిపించాయి. అడుగు తోడి చూస్తే ఆ లార్వాలు తొమ్మిది ఉన్నాయి.

ఇక నీ రెండో స్నేహితుడి మాట. కొనుక్కోవడం పూర్తిగా తప్పని అనను. కొన్నవాటిని వేరే తొట్టిలో నాలుగు వారాలు ఉంచి, లీటరుకు రెండు గ్రాముల ఉప్పేసి, బాగా మేపి, జబ్బులేమీ లేవని తేలాక వెయ్యి. కానీ చూడు, నాలుగు వారాలు వేరే తొట్టిలో పెట్టి మేపేవాడికి పెంచడానికి ఇంకెంత దూరం? ఆ తొట్టిలో నాలుగు గుర్రపుడెక్క మొక్కలేస్తే సరిపోయింది. నీకు తొట్లు పెట్టే చోటు లేకపోతే, ఓపిక లేకపోతే, కొన్న ఫీడర్లు మాత్రం వద్దు. బతికున్న చేపలే మానేసి పెల్లెట్లకు తిప్పు. ఎలా తిప్పాలో కింద ఇంకొక బాబుకు రాస్తున్నాను.

ఒక్కటి మర్చిపోయాను. నాలుగడుగుల ట్యాంకు దానికి ఇప్పటికే ఇరుకు. రెండడుగులు దాటే చేప అది. తిరగడానికి వెడల్పు రెండున్నర అడుగులకు తగ్గకూడదు. మిగిలిన ఫీడర్ల డబ్బు అటు పెట్టు.

*

మేడమ్, నేను కూకట్‌పల్లిలో రూంలో ఉండి చదువుకుంటున్నాను. రెండు ఆస్కార్ పిల్లలు ఉన్నాయి, మూడు అంగుళాలు. బతికున్న చేపలు వేస్తేనే ఎర్ర రంగు వస్తుందని, లేకపోతే పిరికివి అవుతాయని షాపులో చెప్పారు. రోజూ ఆరు గప్పీలు తెస్తున్నాను. ఇప్పుడు పెల్లెట్ వేస్తే ఉమ్మేస్తున్నాయి.
– ఒక విద్యార్థి, హైదరాబాద్

బాబూ, రెండూ నిజం కాదు. ఆస్కార్‌కు ఎరుపు, నారింజ రంగు వచ్చేది తిండిలోని కెరోటినాయిడ్స్ అనే రంగు పదార్థాల నుంచి. రొయ్య పెంకులో, స్పిరులినాలో, మంచి పెల్లెట్‌లో అవి ఉంటాయి. పస్తులున్న తెల్ల గప్పీలో ఏముంటాయి? పిరికితనం సంగతి అంటావా, వారం రోజులు నీ చేత్తో పెల్లెట్ తినిపించు, చెయ్యి గ్లాసు దగ్గరికి రాగానే పైకొచ్చి నోరు తెరుస్తాయి. ఆస్కార్ అంత తెలివైన చేప ఇంకొకటి నా షాపులో ఉండలేదు.

ఉమ్మేయడం మొండితనమే, జబ్బు కాదు. మూడు రోజులు ఏమీ పెట్టకు. వాటికి ఏమీ కాదు, నీకే టెన్షన్ ఎక్కువవుతుంది. నాలుగో రోజు ఒలిచిన రొయ్యను గోరంత ముక్కలు చేసి, పుల్లకు గుచ్చి నీళ్లలో కదిలించు. కదిలేదాన్ని పట్టడం వాటికి పుట్టుకతో వచ్చింది. రొయ్య పడుతున్నాయంటే, రెండు రోజుల తర్వాత ముక్క మధ్యలో తడిపిన పెల్లెట్ దూర్చి పెట్టు. రొయ్య ముక్క రోజురోజుకూ చిన్నది చెయ్యి. రెండు మూడు వారాల్లో ఉత్త పెల్లెట్ తింటాయి. అరోవానాకూ ఇదే పద్ధతి, కాకపోతే ముక్కలు పైన తేలాలి, మునిగిపోయినదాన్ని అది పట్టించుకోదు. పెద్ద అరోవానా వారం పైనే అలుగుతుంది. అప్పుడు మనసు కరిగి గప్పీ వేశామా, మళ్లీ మొదటి నుంచి.

ఇంకొక మాట. కోడి గుండె, కోడి లివర్ రోజూ వేయమని చెప్పేవాళ్లూ ఉంటారు. వినకు. ఆ కొవ్వు చేప ఒంట్లో అరగదు, లివర్ చుట్టూ పేరుకుంటుంది.

*

అండీ, మాకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. సరదాకి ఇంట్లో గాజు ట్యాంకులో రెండు కొర్రమీను పిల్లలు పెంచుతున్నాను, ఇప్పుడు జానెడు ఉన్నాయి. చెరువులో పరిగెలు, శీలావతి పిల్లలు బోలెడు. రోజూ గుప్పెడు తెచ్చి వేస్తున్నాను. పైసా ఖర్చు లేదు. ఇందులో ఇబ్బందేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, కైకలూరు

ఉందండి. పైసా ఖర్చు లేని మేతే ఒక్కోసారి ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

మీ చెరువు చేపకు పేను పడితే మీరే గుర్తుపడతారు, పొలుసుకు అంటుకున్న చిన్న గుండ్రటి బిళ్లలా ఉంటుంది. ఆ పేనే (ఆర్గులస్ అంటారు) పరిగె మీద కూర్చుని మీ గాజు ట్యాంకులోకి వస్తుంది. చెరువులో వేల చేపల మధ్య పంచుకునే పేను, ట్యాంకులో రెండు చేపల మీదే పడుతుంది. యాంకర్ వార్మ్ ఇంకా చెడ్డది. దారం ముక్కలా వేలాడుతుంది, తోక దగ్గర రెండుగా చీలి ఉంటుంది, ఆ రెండు పాయలే గుడ్ల సంచులు. తల మాత్రం కండలో లంగరులా దిగి ఉంటుంది. పట్టకారుతో లాగేటప్పుడు గబుక్కున లాగితే దారం తెగి తల లోపలే ఉండిపోయి పుండవుతుంది. తడిగుడ్డలో చేపను పట్టుకుని, పుట్టిన చోటికి ఆనుకుని పట్టి, నిదానంగా వెనక్కి లాగాలి. కొర్రమీను ఎంత జారుతుందో మీకు నేను చెప్పాలా. ఆ పని తెచ్చుకోకండి.

ఇంకొకటి మీకే బాగా తెలిసిన సంగతి. పేను పడ్డప్పుడు చెరువులో మందు కొడతారు. ఆ మందు పడ్డ చెరువులోని పరిగెను ఆ వారంలోనే తెచ్చి వేస్తే, మందు కూడా తెచ్చి వేసినట్టే. పోనీ శీలావతి పిల్లలే వేద్దామంటే, అవీ కార్ప్ కుటుంబమే. పై జవాబులో చెప్పిన బి1 భయం ఉంది కాబట్టి రోజువారీ మేతకు నేను ఒప్పుకోను.

మీకు మాత్రం దారి తేలిక. కొర్రమీను సాగు చేసేవాళ్లు తేలే పెల్లెట్లతోనే మార్కెట్ సైజుకు తెస్తున్నారు. జానెడు పిల్ల వారం పది రోజుల్లో అలవాటు పడుతుంది. మీకు బతికున్నవి వేయాలనే ఉంటే చెరువు గట్టు మీద ఒక తొట్టి పెట్టి గప్పీలు పెంచండి, చెరువు నీళ్లు పోయకుండా బోరు నీళ్లు పోసి. గట్టు మీద స్థలానికి మీకేం తక్కువ. ట్యాంకు మూత గట్టిగా ఉండాలి, నీటి మీద నాలుగు వేళ్ల ఖాళీ ఉంచాలి. అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, ఆ ఖాళీ లేకపోతే నీళ్లున్నా ఊపిరాడక చస్తుంది.

*

అక్కా, మా ఆయనకు అరోవానా పిచ్చి. ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ల ముందు గప్పీలు వేసి చూపిస్తారు. మా బాబుకు ఎనిమిదేళ్లు. కవర్లో వచ్చిన గప్పీల్లో ఒకదానికి నీలం తోక ఉందని దాన్ని గుర్తుపెట్టుకున్నాడు. అది కూడా ట్యాంకులో పడింది. ఆ రోజు నుంచి హాల్లోకి రావడం మానేశాడు. అన్నం కూడా వంటింట్లోనే తింటున్నాడు. ఇది అతిగా అనుకోవడమేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

అతి కాదమ్మా. నీ కొడుకు చూసింది ఉన్నదే. అరోవానా చేపను తినడం దాని పుట్టుక. దాన్ని చుట్టాలకు ఆటలా చూపించడం మన పని. ఆ రెండిటికీ తేడా ఆ చిన్నవాడికి తెలిసింది.

మీ ఆయనతో పోట్లాడకు. ఆయనకు చేప మీద ప్రేమ లేక కాదు. ఈ పేజీ ఆయన చేతికివ్వు. బతికున్న చేపలు వేసి తీరాలంటే రాత్రి లైటు తీసే ముందు, ఎవరూ లేనప్పుడు, ఐదు నిమిషాల్లో తినేసేటన్నే వేయమని నా మాటగా చెప్పు. వెంటపడి భయపెట్టి, తినకుండా గంటల తరబడి ట్యాంకులో వదిలేయడం ఆ గప్పీకీ మంచిది కాదు, అరోవానాకూ కాదు. పారిపోయే గప్పీ కోసం గ్లాసుకేసి కొట్టుకుని మూతి చిట్లిన అరోవానాలు నా దగ్గరికి చాలా వచ్చాయి. ఇలా చెబితే ఆయన వింటారు. పెల్లెట్లకు తిప్పితే ఇంకా మంచిది.

బాబుకు ఒక చిన్న తొట్టి పెట్టివ్వు. అందులో మూడు ఆడ గప్పీలు, ఒక మగది. అవి వాడివి, ఎప్పటికీ అరోవానా ట్యాంకులోకి పోవు అని అమ్మా నాన్నా ఇద్దరూ కూర్చుని మాటివ్వండి. మాటిచ్చాక పిల్లలు ఎక్కువయ్యాయని ఒక్కటి కూడా తీయకండి. ఎక్కువైతే వాడి క్లాసు పిల్లలకు సీసాలో పెట్టి ఇమ్మను. వాడు ఎప్పుడు హాల్లోకి వస్తాడో వాడి ఇష్టం, తొందరపెట్టకండి. మూడో వారానికి పిల్లలు పుడతాయి కదా, ఆ సంగతి నాకు రాయమని చెప్పు, ఈ పేజీలో వేస్తాను.

*

ఆంటీ, నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ పెట్ స్టోర్లో రోజీ రెడ్ అని నారింజ రంగు ఫీడర్లు చవగ్గా దొరుకుతాయి. గోల్డ్‌ఫిష్ వద్దంటారు కదా, వీటిని ఆస్కార్‌కు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

వద్దమ్మా. రోజీ రెడ్ అంటే ఫ్యాట్‌హెడ్ మినో అనే చేపలో రంగు మారిన రకం. దాన్లోనూ థయామినేజ్ ఉంది. పేరు వేరైనా గోల్డ్‌ఫిష్‌తో వచ్చే చిక్కే దీంతోనూ. తిలాపియా ఫిల్లెట్ సన్నగా కోసి వెయ్యి, దాన్లో ఆ ఎంజైమ్ లేదు. వారంలో రెండుసార్లకు మించకుండా, మిగతా రోజులు పెల్లెట్.

*

నమస్కారమండి. మీ పేజీ చూసే రెండేళ్ల కింద గప్పీలు పెంచడం మొదలుపెట్టాను. ఇప్పుడు తొట్లు నిండిపోయాయి. మా ఆస్కార్ కూడా పోయింది, ఇక మేత అవసరం లేదు. మిగిలిన 400 గప్పీలను ఊరి చెరువులో వదిలేద్దామంటే మా బావమరిది ఒప్పుకోవడం లేదు. దోమలు తింటాయి కదా, మంచిదే కదా?
– ఒక పాఠకుడు, తణుకు

మీ ఆస్కార్ సంగతి చదివి బాధేసిందండి. మీ బావమరిదిది సరైన మాట. దోమల కోసమనే 1928లో ఇటలీ నుంచి గంబూసియా అనే చిన్న చేపను మన దేశానికి తెచ్చారు. ఇప్పుడది లేని మురుగు కాలవ లేదు. దోమ పిల్లలతో పాటు మన చిన్న చేపల గుడ్లు, పిల్లలు, కప్ప పిల్లలను కూడా తింటుంది. అక్వేరియంల నుంచి చెరువుల్లోకి చేరిన సక్కర్ చేప, మనవాళ్లు దెయ్యం చేప అనేది, గోదావరి జిల్లాల్లో వలలు ఎలా చింపుతోందో మీరు చూసే ఉంటారు. ఒక్క సంచి చేపలే కదా అని వదిలినవాళ్లే అందరూ.

ఆడవాటిని, మగవాటిని వేరు చేసి రెండు తొట్లలో పెట్టండి. అయినా కొన్ని నెలలు ఆడవి పిల్లలు పెడుతూనే ఉంటాయి, మగదాని విత్తును అవి ఒంట్లో దాచుకుంటాయి. కంగారు పడకండి. గుర్రపుడెక్క తీసేయండి, తగ్గిపోతాయి. ఈలోపు హనుమకొండ తమ్ముడిలా మొదలుపెట్టాలనుకునేవాళ్లు మీ చుట్టుపక్కల ఎంతోమంది ఉంటారు. రెండేళ్లుగా బయటి చేప కలవని, జబ్బు లేని తొట్టి అంటే వాళ్లకు బంగారం. 15 ఆడవి, ఐదు మగవి చొప్పున కవరు కట్టి ఇవ్వండి. ఇచ్చే ముందు రోజు మేత ఆపండి, కవర్లో మూడోవంతు నీళ్లు, మిగతాది గాలి. మిగిలిపోతే నాకు కబురు పెట్టండి. నా ఆరు వరల్లో ఒకటి ఈ వేసవి నుంచి ఖాళీగానే ఉంది.